మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతుంది

“నేను చెప్పేది ఈ గది దాటి పోదు కదా?”

కౌన్సెలర్ ఎదుట మొదటిసారి కూర్చున్న మనిషికి ఉండే భయమంతా ఈ ప్రశ్నలో ఉంటుంది. నోరు తెరిచి అడగనివాళ్లు కళ్లతో అడుగుతారు. “అస్సలు పోదు, నన్ను నమ్మండి” అనేయడం చాలా తేలిక. మంచి స్నేహితులెవరైనా అదే అంటారు. శిక్షణ పొందిన కౌన్సెలర్ మాత్రం అలా అనకూడదు. “మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. అయితే మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినా, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిసినా, కోర్టు ఆదేశించినా నేను ఊరుకోలేను. అలాంటి పరిస్థితి వస్తే వీలైనంతవరకు ముందు మీకే చెబుతాను” అనాలి. వినేవాళ్లకు ఇది కాస్త నిరుత్సాహంగానే ఉంటుంది. చెప్పాలనుకున్న మాటను కొందరు అక్కడే మింగేస్తారు కూడా. అయినా చెప్పాలి, అదీ మొదటి పది నిమిషాల్లోనే.

పాఠ్యపుస్తకాలు ఈ వృత్తి పునాదులను నీతి నియమాలు, సిద్ధాంతాలు, ఆచరణ అని మూడు భాగాలు చేసి చూపిస్తాయి. పరీక్షకు చదవడానికి ఆ విభజన బాగానే ఉంటుంది. గదిలో కూర్చున్నాక మాత్రం ఆ మూడూ విడివిడిగా ఉండవు. పై జవాబులోనే మూడూ ఉన్నాయని నా వాదన.

ఆ జవాబులోని ‘అయితే’ ఊరికే రాలేదు. 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్‌లో ఒక విద్యార్థి తనకు చికిత్స చేస్తున్న సైకాలజిస్టుతో, ఒక యువతిని చంపాలనుకుంటున్నానని చెప్పాడు. సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకు తెలియజేశాడు. వాళ్లు అతన్ని ప్రశ్నించి, బాగానే ఉన్నాడనుకుని వదిలేశారు. ఆ యువతికి గానీ, ఆమె తల్లిదండ్రులకు గానీ ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. కొద్ది నెలలకే ఆమె హత్యకు గురైంది. తల్లిదండ్రులు వేసిన కేసు టారసాఫ్ కేసుగా ప్రసిద్ధికెక్కింది. బాధితురాలిని హెచ్చరించాల్సిన బాధ్యత చికిత్సకులకు ఉందని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1974లో చెప్పింది. 1976లో కేసును మళ్లీ విని, హెచ్చరించడమే కాదు, కాపాడేందుకు తగిన చర్యలు తీసుకోవాలని బాధ్యతను ఇంకా విస్తరించింది.

ఆ తీర్పును వ్యతిరేకించిన న్యాయమూర్తి వాదన కూడా కొట్టిపారేయదగింది కాదు. రహస్యం బయటకు పోతుందని తెలిస్తే ప్రమాదకరమైన ఆలోచనలున్నవాళ్లు చికిత్సకే రారు, వచ్చినా నిజం చెప్పరు, అప్పుడు సమాజానికి ముప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు అన్నది ఆయన వాదన. ఈ చిక్కుముడి ఇప్పటికీ పూర్తిగా విడలేదు. చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. 1984లో అమెరికన్ మనస్తత్వవేత్త కారెన్ కిచెనర్ ఐదు నైతిక సూత్రాలను కౌన్సెలింగ్ లాంటి వృత్తుల ముందు పెట్టారు: క్లయింటు, అంటే సాయం కోసం వచ్చిన మనిషి, స్వేచ్ఛను గౌరవించడం, హాని చేయకపోవడం, మేలు చేయడం, న్యాయంగా ఉండడం, ఇచ్చిన మాటకు కట్టుబడడం. చదవడానికి ఐదూ ఎంతో సౌమ్యంగా ఉంటాయి. కష్టమంతా అవి ఒకదానితో ఒకటి తలపడినప్పుడే. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా, హాని ఆపాలా అన్నది టారసాఫ్ కేసులో వచ్చిన ప్రశ్న. అందుకే ఇవ్వలేని మాటను మొదట్లోనే ఇవ్వకూడదు.

ఇక సలహాల సంగతి. మన వాడుకలో కౌన్సెలింగ్ ‘ఇస్తారు’. “పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారు” అంటే నాలుగు చీవాట్లు పెట్టి, బుద్ధిగా ఉండమని పంపారని అర్థం. అసలు వృత్తి మూలాల్లోకి వెళ్తే దీనికి పూర్తిగా విరుద్ధమైన మాట కనిపిస్తుంది. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ యువతకు ఉపాధి ఎంపికలో సాయపడే కేంద్రం తెరిచారు. ఏ ఉద్యోగం చేయాలో ఒకరి బదులు ఇంకొకరు నిర్ణయించకూడదు, సరైన నిర్ణయానికి వాళ్లంతట వాళ్లు వచ్చేలా సాయపడడమే చేయగలిగింది అన్నది ఆయన పట్టుదల. ఉద్యోగం గురించే అలా అన్నవారు పెళ్లి గురించో, పగ గురించో ఏమనేవారో ఊహించుకోవచ్చు.

అది ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే 1965లో విడుదలైన ఒక శిక్షణ ఫిల్ము ఉంది. విడాకులు తీసుకున్న ఒక తల్లి ముగ్గురు ప్రసిద్ధ చికిత్సకులతో విడివిడిగా మాట్లాడుతుంది. మొదటివారు కార్ల్ రోజర్స్. తన జీవితంలో వేరే మగవాళ్లు ఉన్నారా అని తొమ్మిదేళ్ల కూతురు అడిగితే అబద్ధం చెప్పానని, అది లోపల తొలిచేస్తోందని, నిజం చెబితే పాప మనసు చెడుతుందా అని ఆమె అడుగుతుంది. సూటి ప్రశ్న. ఆమెకు కావలసింది అవునో కాదో. జవాబు చెప్పగలిగితే బాగుండునని రోజర్స్ అంటారు, కానీ చెప్పరు. అలాగే అంటారని భయపడ్డానని ఆమె అంటుంది. చూసేవాళ్లకు ఒక్క క్షణం చిరాకు కూడా వస్తుంది. కాసేపటికి ఆమె వెతుకుతున్నది జవాబు కాదని తెలుస్తుంది. తాను తనను ఒప్పుకోగలనా అన్నదే ఆమె అసలు ప్రశ్న.

1957లో రాసిన వ్యాసంలో రోజర్స్ మార్పుకు అవసరమైన పరిస్థితులను చెప్పారు. వాటిలో కౌన్సెలర్ వైపు నుంచి ప్రధానమైనవి మూడు: నటించకపోవడం, షరతులు లేకుండా మనిషిని ఆదరించడం, అవతలివారి లోకాన్ని వాళ్ల వైపు నుంచి చూడగలగడం. ఈ చివరిదాన్ని, అంటే సహానుభూతిని, జాలితో కలిపేస్తుంటారు. జాలి పైనుంచి కిందికి చూస్తుంది, సహానుభూతి పక్కన కూర్చుంటుంది. మొదటి పది నిమిషాల్లో “అన్నీ రహస్యంగా ఉంచలేను” అని చెప్పడం కూడా నటించకపోవడమే. అందుకే అది నియమం మాత్రమే కాదు, చికిత్సలో భాగం కూడా అంటున్నాను.

అయితే రోజర్స్ పద్ధతి అసమర్థుల చేతిలో పడితే చిలకపలుకు అవుతుంది. “అంటే మీకు బాధగా ఉందన్నమాట” అని గంటసేపు తల ఊపడానికి శిక్షణ అక్కర్లేదు. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషి వచ్చినప్పుడు “మీకెలా అనిపిస్తోంది?” కంటే ముందు ఈ రాత్రి ఎక్కడ తలదాచుకుంటారన్నది తేలాలి. ఆ ఫిల్ములోనే కనిపించే ఆల్బర్ట్ ఎల్లిస్ క్లయింటు నమ్మకాలతో నేరుగా వాదిస్తారు. ఆలోచనా తీరును మార్చుకోవడం మీద నడిచే, ఆరోన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలో ఇంటికి హోంవర్కు కూడా ఇస్తారు. అవీ పనిచేస్తాయి.

మరి ఏ సిద్ధాంతం గొప్పది? భిన్న పద్ధతులు ఇంచుమించు ఒకేలాంటి ఫలితాలివ్వడానికి వాటిలో ఉమ్మడిగా ఉన్న అంశాలే కారణం కావచ్చని 1936లోనే మనస్తత్వవేత్త సాల్ రోజెన్‌జ్వైగ్ రాశారు. దాని మీద గొడవ ఇంకా సాగుతూనే ఉంది. నాకు ఎక్కువ పనికొచ్చేలా తోచేది మరో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చెప్పిన మాట. గమ్యం మీద ఒప్పందం, అక్కడికి చేరడానికి చేయాల్సిన పనుల మీద ఒప్పందం, ఇద్దరి మధ్య బంధం — పని జరగాలంటే ఈ మూడూ కుదరాలి. తాగుడు మానాలని కౌన్సెలర్ అనుకుంటూ, భార్య తిరిగొస్తే చాలని క్లయింటు అనుకుంటుంటే ఎంత మంచి సిద్ధాంతమైనా గాలిలో కత్తి తిప్పడమే.

బంధం అన్నాం కాబట్టి హద్దుల గురించి ఒక మాట. ప్రస్తుత క్లయింటుతో ప్రేమ, లైంగిక సంబంధాలు పూర్తిగా నిషిద్ధం. మాజీ క్లయింటు విషయంలో అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ ఐదేళ్లు ఆగాలంటుంది, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కనీసం రెండేళ్లంటుంది. నాకు ఈ రెండు అంకెలూ నచ్చవు. ఒకరి గాయాలన్నీ తెలిసిన మనిషికీ, ఆ గాయాలు విప్పి చూపించిన మనిషికీ మధ్య ఉన్న తేడా క్యాలెండర్ పేజీలు చింపితే పోయేది కాదు.

ఇన్ని నియమాలున్నా తప్పులు జరుగుతూనే ఉంటాయి. అందుకే ఈ వృత్తిలో సూపర్‌విజన్ ఉంది. కౌన్సెలర్ తన కేసులను, వివరాలు బయటపడకుండా, ఇంకో అనుభవజ్ఞుడి ముందు పెడతారు. అక్కడ దొరికేది ఎక్కువగా చిన్న విషయమే. క్లయింటు మూడు వారాలుగా ఆలస్యంగా వస్తున్నాడు, సోమరితనం అని కౌన్సెలర్ రాసుకున్నారు. “మీరు అడిగారా?” అంటారు సూపర్‌వైజర్. అడగలేదు. తర్వాతి వారం అడిగితే జవాబు వచ్చింది. “నెల కిందట నేను నాన్న సంగతి చెబుతుంటే మీరు గడియారం చూశారు. చెప్పడం దండగనుకున్నాను.”