కూలడానికి మొరాయిస్తున్న వంతెన

అమెరికాలోని మేరీల్యాండ్‌లో, పటాప్స్కో నది మీద థామస్ వయాడక్ట్ అనే రాతి రైలు వంతెన ఉంది. 1833 జూలై 4న పని మొదలుపెట్టి, సరిగ్గా రెండేళ్లకు, 1835 జూలై 4న పూర్తి చేశారు. కాస్త లోకజ్ఞానం ఉన్న వంతెనైతే ఈపాటికి రెండుసార్లు కూలి, మూడు విచారణ సంఘాలకు పని కల్పించేది. ఇది మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఇంతటి బాధ్యతారాహిత్యాన్ని ఎవరూ ప్రశ్నించకపోవడం శోచనీయం.

ఆనాటి పెద్దలైతే తమ వంతు కృషి చేశారు. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే ఇంజనీరు బెంజమిన్ లాట్రోబ్ గీసిన ప్లాన్ చూసి, ఇది రైలు సంగతి అటుంచి తన బరువే తాను మోయలేదని తేల్చారు. ‘లాట్రోబ్ పిచ్చిపని’ అని నామకరణం కూడా చేశారు. చేయరు మరి! 612 అడుగుల వంతెనను తిన్నగా కట్టక, వంపు తిప్పి కడతానన్నాడాయన. స్తంభాలు రెండు వైపులా ఒకే వెడల్పుంటే ఆ వంపు కుదరదు. అందుకని ప్రతి స్తంభాన్నీ వంపు బయటి పక్క వెడల్పుగా, లోపలి పక్క సన్నగా కట్టించాడు. ఎనిమిది కమానులూ గ్రానైటే. పైన రైలు నొక్కుతుంటే రాళ్లు ఒకదాన్నొకటి అదుముకుని బరువును కిందికి దించేస్తాయి. ఏటేటా రిపేరు బిల్లు పెట్టుకునే వీలు లేకుండా డిజైన్ చేయడం ఏం న్యాయం?

1868లో వరద వచ్చి ఆ లోయను ఊడ్చేసింది. 1972లో ఆగ్నెస్ తుఫాను మళ్లీ అవకాశమిచ్చింది. రెండూ వృథా. ఆరేడు టన్నుల ఇంజన్ల కాలంలో కట్టిన ఆ వంతెన మీదే ఇప్పటికీ గూడ్సు బళ్లూ, ప్యాసింజర్ రైళ్లూ నడుస్తున్నాయి. కొత్త టెండరు లేదు, శంకుస్థాపన లేదు, రిబ్బన్ కత్తిరించే యోగం ఎవరికీ లేదు. పైపెచ్చు 1964లో జాతీయ చారిత్రక కట్టడమని బిరుదొకటి.

అన్నిటికన్నా అనుమానించాల్సింది కాంట్రాక్టర్ జాన్ మెకార్ట్‌నీని. వంతెన ఒక చివర, తన సొంత డబ్బుతో, పదిహేను అడుగుల రాతి స్తంభం నిలబెట్టి, కట్టినవాళ్ల పేర్లూ, ఇంజనీరు పేరూ, రైల్వే డైరెక్టర్ల పేర్లూ చెక్కించాడు. కాంట్రాక్టర్ జేబులోంచి డబ్బు తీశాడంటేనే ఏదో తేడా ఉన్నట్టు!

వెంటనే విచారణకు ఆదేశించాలి. ఖర్చు కూడా తక్కువే. నిందితుల జాబితా రాతిమీదే ఉంది.