ఇరవై నాలుగేళ్ల మనిషికి ‘ఆరేళ్ల బుద్ధి’ అంటగట్టొద్దు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కింద సాయంత్రంపూట పిల్లలు క్రికెట్ ఆడతారు. క్యాచ్ వదిలేస్తే చాలు, ‘మోరాన్’ అని అరుపులు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లిష్ మాట్లాడే ఈ పిల్లలకు అది ఉత్త తిట్టు. ఒకప్పుడు అది డాక్టర్లు కేసు కాగితాల మీద రాసిన మాట.

దాన్ని 1910లో పుట్టించింది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ గొడార్డ్. గ్రీకులో ‘మోరోస్’ అంటే మందమతి. అంతకు ఐదేళ్ల ముందు పారిస్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు తెలివితేటల్ని కొలిచే ఒక పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి సాయం చేయాలన్నది వాళ్ల ఉద్దేశం. గొడార్డ్ దాంతో మనుషుల్ని మెట్లు మెట్లుగా విడగొట్టాడు. మానసిక వయసు, అంటే పరీక్షలో ఏ వయసు పిల్లలంత చేయగలిగారన్న లెక్క, మూడేళ్లు కూడా లేకపోతే ‘ఇడియట్’, మూడు నుంచి ఏడైతే ‘ఇంబెసైల్’, ఎనిమిది నుంచి పన్నెండైతే ‘మోరాన్’. ఆ ముద్రలు కాగితాల దగ్గర ఆగలేదు. 1927లో క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా సంతాన నిరోధక ఆపరేషన్ చేయడానికి అమెరికా సుప్రీంకోర్టు అనుమతిచ్చింది. ‘మూడు తరాల ఇంబెసైళ్లు చాలు’ అని తీర్పులో రాశారు జస్టిస్ హోమ్స్. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత మర్యాదగా ఉంటుందని ‘మెంటల్ రిటార్డేషన్’ అన్నారు. అదీ తిట్టయింది. మన 1995 వికలాంగుల చట్టంలో ఆ మాటే ఉండేది, 2016 చట్టం ‘మేధో వైకల్యం’ అంది. ఇలాంటివారి కోసం సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ సంస్థ కూడా పేరు మార్చుకుంది. తెలుగులో మాత్రం ‘బుద్ధిమాంద్యం’ ఇంకా వదల్లేదు. ఆకలి మందగిస్తే అగ్నిమాంద్యం, వ్యాపారాలు పడిపోతే ఆర్థికమాంద్యం. అవి మందు వేస్తేనో, రోజులు మారితేనో తగ్గుతాయి. మనిషికి తగిలించిన మాంద్యం మాత్రం జన్మంతా వెంటే ఉంటుంది.

ఆ మధ్య తెలిసినామెకు తోడుగా ఇక్కడే ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఆమెది హిందూపురం. కొడుక్కి 24 ఏళ్లు, వైకల్య సర్టిఫికెట్ కోసం వచ్చారు. ‘ఎంఆర్ కేసు ఎవరమ్మా?’ అని కేకేశారు. ఎంఆర్ అంటే అదే, మెంటల్ రిటార్డేషన్. ఆ అబ్బాయి తల దించుకుని అమ్మ కొంగు పట్టుకున్నాడు. పాత రిపోర్టులో ‘మెంటల్ ఏజ్: 6’ అని ఉంది. ఆ అంకె వచ్చింది, బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు ధార్వాడ్‌లో కామత్ అనే ఆయన మలిచిన పరీక్షలో. దాన్ని మన ఆసుపత్రుల్లో చాలాకాలంగా వాడుతున్నారు.

పరీక్ష మీద నాకు కోపం లేదు. మాటలు ఎన్ని మార్చినా చెక్కుచెదరని ఆ ‘మానసిక వయసు’ మీదే నా అభ్యంతరం. గొడార్డ్ మెట్లన్నీ కట్టింది దాని మీదే. ఆరేళ్లవాడని అనుకున్నాక జీతం గురించి, పెళ్లి గురించి, ఓటు గురించి అతన్ని ఎవరూ అడగరు. అతని ముందే అతని గురించి మాట్లాడేసుకుంటారు. ఆరేళ్ల పిల్లాడికి 24 ఏళ్ల జ్ఞాపకాలు ఎక్కణ్నుంచి వస్తాయి? నలుగురిలో ఆ కేక వింటే కలిగే సిగ్గు ఎక్కణ్నుంచి వస్తుంది?

రిపోర్టులో అంకె బదులు ఏ పనికి ఎంత సాయం కావాలో రాయొచ్చు. బయటికొచ్చాక వాళ్లమ్మ చెప్పింది అచ్చంగా అదే: ‘వాడికి చిల్లర లెక్క రాదండీ, పక్కన ఒకరుండాలి. నా బీపీ మాత్ర మాత్రం రోజూ వాడే గుర్తుచేస్తాడు.’