బదిలీ ఒకరిది, పన్ను తిప్పలు ఇంకొకరివి

అమెరికా సైన్యంలో ఉన్నవారి జీతంపై ఏ రాష్ట్రం పన్ను వేయాలన్న సంగతి ఎప్పుడో తేలిపోయింది. పోస్టింగ్ వర్జీనియాలో ఉన్నా, పన్ను లెక్కలో టెక్సాస్ వాసి టెక్సాస్ వాసే. వెంట వెళ్లిన భార్యకో భర్తకో మాత్రం 2009 దాకా ఆ వెసులుబాటు లేదు. 2018 చివర్లో, మళ్లీ 2023 జనవరిలో చట్టాన్ని ఇంకాస్త సడలించారు. ఇప్పుడు సైనికుడి సొంత రాష్ట్రం, జీవిత భాగస్వామి సొంత రాష్ట్రం, పోస్టింగ్ ఉన్న రాష్ట్రం, ఈ మూడింట్లో ఏదైనా పన్ను కోసం ఎంచుకోవచ్చు. అది టెక్సాసో ఫ్లోరిడానో అయితే జీతంపై రాష్ట్ర పన్ను సున్నా.

కాలిఫోర్నియా రోడ్ల మీద తిరుగుతూ, అక్కడి బళ్లలో పిల్లల్ని చదివిస్తూ అక్కడ ఆదాయపు పన్ను కట్టకపోతే ఎలా అని కొందరంటారు. సేల్స్ ట్యాక్స్ వాళ్లూ కడుతున్నారుగా! సైనికుల పిల్లలు ఎక్కువగా చదివే స్కూల్ డిస్ట్రిక్టులకు ఫెడరల్ ప్రభుత్వం 1950 నుంచి ఇంపాక్ట్ ఎయిడ్ పేరుతో నిధులు ఇస్తోంది. పైగా కాలిఫోర్నియాలోని శాన్ డియాగోకు వెళ్లమన్నది నేవీ. ఉన్న ఉద్యోగం వదులుకుని వెళ్లింది అతని భార్య.

అసలు గొడవంతా అమలులో ఉంది. వర్జీనియాలోని నార్ఫోక్‌లో నేవీ ఉద్యోగి భార్య నర్సుగా చేరిందనుకోండి. వర్జీనియా పన్ను నుంచి మినహాయింపు దానంతటదే రాదు. జీతంలో పన్ను కోతకు సంబంధించిన వీఏ-4 ఫారం నింపి, మిలిటరీ స్పౌజ్ ఐడీ కాపీ జత చేయాలి. హెచ్ఆర్‌లో ఆ నిబంధన తెలిసినవాళ్లు లేకపోతే ప్రతి పేచెక్‌లోనూ కోత తప్పదు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే ఏడాది గడిచాక 763-ఎస్ అనే వాపసు ఫారం వేయాలి. నార్త్ కరోలినాకు బదిలీ అయితే ఫారం మారుతుంది, టెన్షన్ మాత్రం అదే. హక్కు ఇచ్చింది ఫెడరల్ చట్టం, దాన్ని ప్రతి రాష్ట్రం దగ్గరా అడిగి తెచ్చుకోవాల్సింది ఈ నర్సు. అన్ని రాష్ట్రాలకూ చెల్లే ఒకే ఫారం పెట్టడానికి ఏం అడ్డం?

సైనిక కుటుంబాల వరకే ఆగడమూ నాకు నచ్చదు. న్యూజెర్సీలో ఇంటి నుంచే పనిచేసే మన సాఫ్ట్‌వేర్ వాళ్లను చూడండి. ఆఫీసు మాన్‌హాటన్‌లో ఉంటే చాలు, ఇంట్లో కూర్చోవడం నీ సౌకర్యం కోసమే అంటూ ఆ రోజుల జీతంపైనా న్యూయార్క్ పన్ను వేస్తుంది. ఒళ్లు మండిన న్యూజెర్సీ 2023లో తానూ అలాంటి నిబంధనే తెచ్చి న్యూయార్క్ వాళ్లపై ప్రయోగించింది. సైనిక కుటుంబాల కోసం మూడుసార్లు కలగజేసుకున్న అమెరికా పార్లమెంటు కాంగ్రెస్, ఈ రెండు రాష్ట్రాల కొట్లాటను మాత్రం చూస్తూ కూర్చుంది.