ఈగకు ముందస్తు బెయిల్

సినిమా చూడ్డానికని థియేటర్‌కి వెళ్లే అమాయకులు ఇంకా అక్కడక్కడా మిగిలున్నారని తెలిసి బాధేస్తోంది. నేను మాత్రం తనిఖీకి వెళ్తాను. టికెట్టు కొన్నవాడికి ఆ మాత్రం అధికారం లేదా? మొన్నొక సినిమాలో హీరోయిన్ వానలో తడుస్తూ ఇంట్లోకి వచ్చింది. తర్వాతి షాట్‌లో జుట్టు పొడిగా ఉంది. తల్లి చనిపోయిన సీనట, పక్క సీట్లో ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది. "జుట్టు గమనించారా అండీ?" అని మెల్లిగా అడిగాను. ఆవిడ ఏడుపు టక్కున ఆగిపోయింది. ఒక మనిషిని మోసపోకుండా కాపాడిన ఆ తృప్తి ముందు ఇంటర్వెల్ సమోసా ఏపాటిది?

మా శాఖ పని తెల్లారకముందే మొదలవుతుంది. అమెరికాలో ప్రీమియర్లు ముందే పడిపోతాయి కాబట్టి ఇక్కడ పాలవాడు బెల్లు కొట్టేలోపే 'ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, లాజిక్ లేదు' అని తీర్పు వచ్చేస్తుంది. రేటింగ్ రెండున్నర. రెండిస్తే కక్ష అంటారు, మూడిస్తే డబ్బులు ముట్టాయంటారు. ఇక్కడ మార్నింగ్ షోకి వెళ్లేవాళ్లు ఆ తీర్పు సక్రమంగా అమలవుతోందో లేదో చూసి వస్తారు, అంతే.

ఈ శాఖ కాస్త ముందే పుట్టుంటే ఎంత నష్టం తప్పేదో! 1957 నాటి 'మాయాబజార్'నే తీసుకోండి. వ్యాస భారతంలో అసలు శశిరేఖే లేదు. కాగితం ముక్క ఆధారం లేని పెళ్లికి కె.వి.రెడ్డి గారు అంత హంగామా చేశారు. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఇల్లంతా తిరుగుతుంటే కన్నతల్లి రేవతి పసిగట్టదు. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే మనసుకు ప్రియమైనది కనిపిస్తుందట. ఛార్జింగ్ ఎక్కడ పెడతారో ఒక్క షాట్‌లోనూ చూపించలేదు. లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి నోట్లో పడతాయి. మార్కస్ బార్ట్లీ కెమెరాతో సృష్టించిన వెన్నెల్లో పడవ సాగిపోతుంటే జనం దాన్ని నిజం వెన్నెలే అనుకుని మురిసిపోయారు. హాల్లో ఒక్కడంటే ఒక్కడు లేచి అడగలేదు!

తప్పు వాళ్లది కాదులెండి, పెంపకం అలాంటిది. భుజం మీది శవం నోరు తెరిచి కథ చెబుతుంటే విక్రమార్కుడంతటివాడు "శవం మాట్లాడ్డమేంటి?" అనలేదు. కథంతా విని, అడిగిన ప్రశ్నకు బుద్ధిగా జవాబు చెప్పి, మళ్లీ చెట్టు దగ్గరికి నడిచాడు. 'చందమామ' ఏళ్ల తరబడి అదే కథ నడిపితే జనం కొనుక్కుని మరీ చదివారు.

2012లో 'ఈగ' తీసినప్పుడు మాత్రం రాజమౌళి మమ్మల్ని పసిగట్టినట్టున్నారు. సినిమా మొత్తాన్నీ ఒక తండ్రి కూతురికి నిద్రపోయేముందు చెప్పే కథలా పెట్టేశారు. దీన్నే ముందస్తు బెయిల్ అంటారు. పసిపిల్లకి చెప్పిన కథ మీద ఏ సెక్షన్ కింద కేసు పెడతాం? అదే కథ ఇవాళ ఎవడైనా కొత్త కుర్రాడు స్టోరీ సిట్టింగ్‌లో చెబితే ఇలా ఉంటుంది:

"హీరో చచ్చిపోయి ఈగగా పుడతాడు సార్."

"ఈగ మహా అయితే నెల బతుకుతుంది. పగ తీరేలోపే పోతుంది కదా అని ఆడుకుంటారయ్యా."

"పోనీ ల్యాబ్‌లో పెంచిన ఈగ సార్."

"ఎవరి ల్యాబ్? డబ్బులెవరిచ్చారు?"

"విలన్ తమ్ముడు సైంటిస్టు సార్..."

"అయితే వాడికో ఫ్లాష్‌బ్యాక్ పడాలి."

సాయంత్రం అయ్యేసరికి ఫ్లాష్‌బ్యాక్ నలభై నిమిషాలకి పెరుగుతుంది, ఈగ ఇంటర్వెల్‌కి కూడా పుట్టదు. చివరికి ఎవరో టీ గ్లాసు కింద పెట్టి, "ఈగెందుకు సార్, డ్రోన్ పెట్టేద్దాం" అంటారు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ డ్రోన్ సినిమా రిలీజైన రోజు మేమే రాస్తాం, 'కొత్తదనం లేదు' అని.

మాకు పక్షపాతం ఉందని కొందరి ఆరోపణ. పచ్చి అబద్ధం. మా హీరో తొడకొడితే సుమోలు గాల్లోకి లేవడాన్ని ఎలివేషన్ అంటారు. అవతలి హీరో కొడితేనే న్యూటన్ గుర్తొస్తాడు.

అప్పుడప్పుడూ నాకూ మనసు బలహీనపడుతుంది, దాచను. మాయా శశిరేఖ పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కితే వాడు విలవిల్లాడతాడు కదా. వేషం ఆడపిల్లది, బరువు రాక్షసుడిది. అంటే ఆ మాయకీ ఓ లెక్క ఉందన్నమాటే, మనం చూడాల్సిన లాజిక్ అదేనేమో అనిపిస్తుంది. వెంటనే లేచి మొహం కడుక్కుంటాను.

మొన్న రాత్రి మా అమ్మాయి కథ చెప్పమంది. ఐదేళ్లది. ఏడు చేపల కథే చెప్పాను, కానీ మా శాఖ పద్ధతిలో. వేటకెళ్లిన రాజకుమారులు చేపలెందుకు తెచ్చారన్న అభ్యంతరం మొదట్లోనే నమోదు చేశాను.

"ఒక చేప ఎండలేదు కదా నాన్నా?" అంది.

"ఉప్పు రాయకపోతే ఎండదమ్మా. గాల్లో తేమ కూడా ఉండుంటుంది."

"మరి గడ్డిమోపు?"

"గడ్డిమోపుకి నోరెక్కడిది?"

"చీమ?"

"చీమ ట్రాక్ తీసేశాం. లెంగ్త్ ఎక్కువైంది."

దిండు చంకలో పెట్టుకుని వాళ్ల నానమ్మ గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి గోడ అవతల నుంచి "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అని మా అమ్మ గొంతు, వెనకే పిల్ల కిలకిలా నవ్వు. డెబ్బై ఏళ్ల ఆవిడ గొంతు చీమకి ఏం సెట్టవుతుంది? డబ్బింగ్ అస్సలు కుదరలేదు. రెండున్నర ఇచ్చి, దుప్పటి ముసుగేసుకున్నాను.