చలికాలం పొద్దుగూకితే గడప దాటకూడదా?

కార్తీకం వెళ్ళగానే ఆ వాట్సాప్ మెసేజ్ మళ్ళీ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. చలికాలం పొద్దుగూకాక ఆరుబయట ఆడినా నడిచినా మంచుకి జలుబు చేస్తుందట, చెట్లు విషవాయువు వదులుతాయట, గుండె ఆగుతుందట. ఆడవాళ్ళు అసలే రాకూడదట.

జలుబు తెచ్చేది వైరస్. మంచంటే గాలిలోని తేమే, చల్లబడిన గడ్డి మీదా బండి సీటు మీదా నీరవుతుంది. కిటికీలు బిగించి పదిమందీ ఒకే గదిలో టీవీ ముందు కూర్చుంటే జలుబు అంటుకోవడం ఇంకా తేలిక. ఆస్తమా ఉన్నవాళ్ళకి చల్లగాలి పడదన్నది మాత్రం నిజం. వాళ్ళు ముక్కుకి మఫ్లరు చుట్టుకుని, జేబులో ఇన్‌హేలరు పెట్టుకోవాల్సిందే.

చెట్లు రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదిలే మాట వాస్తవమే. మనమూ వదులుతాం, మన ఊపిరిలో అది దాదాపు 4 శాతం. ఆ లెక్కన వేపచెట్టు కంటే దాని కింద మన పక్కన కూర్చున్న బావగారికే ఎక్కువ భయపడాలి.

చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్ళు జాగ్రత్త పడాలి. కాదనను. కానీ రోజు మొత్తంలో చలి ముదిరేది సూర్యోదయానికి కాస్త ముందు. పొగ నేలనంటి ఉండేదీ అప్పుడే. మెసేజ్ చివర ఏముందో చూశారా? తెల్లవారుజామున ఐదింటికి వాకింగ్ చేయమని సలహా! పొద్దుగూకితే బయటికి రాకూడదంటారా, నార్వేలోని ట్రోమ్సోలో నవంబరు చివర్నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడే కనపడడు. అక్కడివాళ్ళు లైట్లు వేసిన బాటల్లో స్కీయింగ్ చేస్తారు. మనకి డిసెంబరులోనూ 11 గంటల పగలుంది.

నిజానికి మన ఊళ్ళలో షటిల్‌కి ఇదే సీజను. చీకటి పడితే చాలాసార్లు గాలి తగ్గుతుంది, కాక్ కొట్టినచోటికే వెళ్తుంది. రెండు గుంజలు, ఒక నెట్టు, సున్నం గీతలు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు చాలు. రాత్రి ముదిరి మంచు పట్టాక ఈకల కాక్ బరువెక్కుతుంది, కాళ్ళు జారతాయి. అప్పుడు ఆపేయాలి, అంతే.

ఆట వద్దనుకుంటే ఆకాశం ఉంది. డిసెంబరు నడిమికి రాత్రి ఎనిమిదింటికల్లా తూర్పున గొల్లకావడి అనే మూడు చుక్కల వరుస, దానికి పైన పిల్లలకోడి అనే చుక్కల గుంపు కనిపిస్తాయి. 13, 14 తేదీల్లో జెమినిడ్ ఉల్కలు. అర్ధరాత్రిదాకా కాచుకోనక్కర్లేదు, తొమ్మిది పదింటి నుంచే రాలతాయి. పొలం గట్టు మీదకి వెళ్తే టార్చీ, బూట్లూ తప్పవు, కట్లపాము తిరిగేది రాత్రే. అసలు చెప్పాల్సిన ఈ జాగ్రత్త మాత్రం మెసేజ్‌లో లేదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. దీనికీ ఆరోగ్యానికీ ఏం సంబంధం? వాళ్ళ భయం నిజమే, దానికి కారణాలు వెలగని వీధిదీపమూ, బెల్టుషాపు ముందు గుంపూ. షటిల్ కోర్టుకి లైట్లంటే చందాలు చకచకా పోగవుతాయి. అక్కడికెళ్ళే సందులో బల్బు మాడిపోతే ఎవరికీ పట్టదు. ఆడపిల్లలకి రోజూ ఓ గంట కోర్టు ఇవ్వమని అడిగి చూడండి, అందరికీ ఒక్కసారిగా మంచు గుర్తొస్తుంది.