సైనికుడి యూనిఫాంలో ప్యాటర్న్‌కి ఇచ్చే విలువ బట్టకి ఎందుకు ఇవ్వరు?

ఏ దేశ సైన్యం కొత్త యూనిఫాం విడుదల చేసినా చర్చంతా ప్యాటర్న్ చుట్టూనే తిరుగుతుంది. గడుల డిజైనా, మచ్చల డిజైనా, ఎవరిని చూసి కాపీ కొట్టారు, ఫొటోల్లో ఎలా ఉంది... ఇవే మాటలు. ఆ బట్ట తడిస్తే ఎంతసేపటికి ఆరుతుంది, మంట అంటుకుంటే ఏమవుతుంది, ఏడాదిపాటు ఉతికాక రాత్రిపూట చీకట్లో చూడగలిగే నైట్ విజన్ పరికరాల్లో ఎలా కనబడుతుంది అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. గత ఇరవై ఏళ్లలో పెద్ద సైన్యాలు యూనిఫాం విషయంలో తిన్న ఎదురుదెబ్బల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వచ్చాయి. కంటికి కనబడే ప్రింటుకీ, అది తెచ్చిపెట్టే ప్రత్యేక గుర్తింపుకీ పెద్దపీట వేసి, మనిషి ఒంటిమీద రాత్రింబవళ్లు ఉండే బట్టని వెనక్కి నెట్టేశారు.

అమెరికా ఆర్మీ సంగతే చూడండి. 2004లో వాళ్లు యూనివర్సల్ కామోఫ్లాజ్ (పరిసరాల్లో కలిసిపోయేలా చేసే) ప్యాటర్న్, అంటే యూసీపీని ప్రకటించి, మరుసటి ఏడాది నుంచి సైనికులకి ఇవ్వడం మొదలుపెట్టారు. అడవికీ ఎడారికీ పట్టణానికీ కలిపి ఒకటే యూనిఫాం అన్నమాట. కొనుగోళ్లు, గోదాములు చూసుకునే అధికారికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది? కానీ మూడు పరిసరాలకీ సగటు తీసినట్టుగా వచ్చిన ఆ బూడిద, ఇసుక, లేత ఆకుపచ్చ రంగుల కలయిక ఆ మూడింట్లో దేనికీ సరిగ్గా అతకలేదు. పైగా మూడు రంగుల మధ్య వెలుగు నీడల తేడా మరీ తక్కువ. దగ్గర్నుంచి చూస్తే చిన్న చిన్న గడులు ముచ్చటగా కనిపిస్తాయి, కాస్త దూరం వెళ్లేసరికి అవన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయి మనిషి ఆకారంలో ఒక లేత బూడిద ముద్ద మిగులుతుంది, ఏ కొండవాలు మీద నిలబడ్డా అది ఇట్టే తెలిసిపోతుంది. 2009లో ఆర్మీ సొంత పరిశోధన కేంద్రం నేటిక్ జరిపిన పోలికలోనే వేరే ప్యాటర్న్‌లు దీనికంటే మెరుగని తేలింది. 2010లో అఫ్ఘానిస్థాన్ వెళ్లే దళాలకి మల్టీకామ్ అనే వేరే ప్యాటర్న్ ఇవ్వడం మొదలైంది, 2015 నుంచి ఆర్మీ మొత్తానికి కొత్త ప్యాటర్న్ వచ్చింది, 2019 అక్టోబర్‌తో యూసీపీ కథ ముగిసింది. ఈ మొత్తం వ్యవహారానికి 500 కోట్ల డాలర్ల దాకా అయిందని అక్కడి మీడియా లెక్కగట్టింది. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ మధ్యలో అదే వేసుకుని యుద్ధానికి వెళ్లినవాళ్ల గురించి ఆలోచిస్తేనే బాధేస్తుంది.

చాలామంది దీన్ని పిక్సెల్ డిజైన్, అంటే చిన్న గడుల డిజైన్ వైఫల్యం అనుకుంటారు. అది సరికాదు. పిక్సెల్ వెనక గట్టి ఆలోచనే ఉంది. 1970ల్లో అమెరికా సైనికాధికారి టిమోతీ ఓనీల్ దాని మీద పనిచేశారు. పెద్ద ఆకారాలు దూరం నుంచి మనిషి రూపురేఖల్ని విరగ్గొట్టాలి, వాటిలో ఉండే చిన్న గడులు దగ్గర్నుంచి చూసేవాడికి ఆకుల్లాగా, గులకరాళ్లలాగా అనిపించాలి. కెనడా క్యాడ్‌ప్యాట్, దాన్ని చూసి అమెరికా మెరైన్లు తెచ్చుకున్న మార్‌ప్యాట్ రెండూ ఈ దారిలోనివే, రెండూ బాగానే పనిచేశాయి. మార్‌ప్యాట్‌లో పెద్ద ఆకారాలున్నాయి, ముదురు రంగులున్నాయి, అడవికి ఒకటి ఎడారికి ఒకటి విడిగా ఉన్నాయి. యూసీపీలో ఈ మూడూ లేవు. జర్మనీ ఫ్లెక్‌టార్న్‌లో గడులే లేవు, ఐదు రంగుల చుక్కలు మాత్రమే. మూడు దశాబ్దాలుగా యూరప్ అడవుల్లో దానికి మంచి పేరుంది. కాబట్టి గడులా చుక్కలా అన్నది రెండో ప్రశ్న. రంగులు ఆ నేలకి సరిపోయాయా, ముదురు లేత తేడా తగినంత ఉందా అన్నదే మొదటిది.

మరి ఇంత తెలిసీ తప్పులెందుకు జరుగుతాయి? ఇక్కడే గుర్తింపు మోజు అడ్డం వస్తుంది. మెరైన్లు తమ చిహ్నాన్ని మార్‌ప్యాట్ ప్రింటులోనే చిన్నగా కలిపేసి, అది తమకి మాత్రమే అన్నట్టు పట్టుబట్టారు. ఇక మిగతా విభాగాలూ ఎవరి డిజైన్ వాళ్లు వెతుక్కున్నాయి. 2002లో రెండు ప్యాటర్న్‌లతో సరిపెట్టుకున్న అమెరికా సైన్యం పదేళ్లలో కొత్తగా ఏడు రకాలు తెచ్చుకుందని అక్కడి ఆడిట్ సంస్థ జీఏఓ 2012లో తప్పుబట్టింది. వీటిలో నాకు అస్సలు మింగుడుపడనిది నేవీ నీలం రంగు కామోఫ్లాజ్. ఓడ మీద పనిచేసేవాడు ఎవరి నుంచి దాక్కోవాలి? ఒకవేళ సముద్రంలో పడిపోతే కాపాడేవాళ్లకి కనబడకుండా పోవడమే ఆ రంగు వల్ల జరిగే పని. అంతకన్నా ఘోరం ఏంటంటే, అది సగం నైలాన్, సగం కాటన్ బట్ట. మంట తగిలితే కాలి, కరిగి, చర్మానికి అతుక్కుంటుందని నేవీ పరీక్షలోనే తేలింది. ఓడలో అగ్నిప్రమాదం కంటే భయపడాల్సినవి ఎన్ని ఉంటాయి చెప్పండి! దాన్ని పక్కన పెట్టడానికి 2019 దాకా పట్టింది.

అఫ్ఘాన్ సైన్యం కథ ఇంకోరకం. అక్కడ అడవులు దేశ విస్తీర్ణంలో దాదాపు 2 శాతమే. అయినా వాళ్ల సైన్యానికి అడవి ప్యాటర్న్ ఎంచుకున్నారు, అదీ ఒక ప్రైవేటు కంపెనీకి హక్కులున్న డిజైన్. అప్పటి రక్షణ మంత్రికి నచ్చడమే కారణమనీ, ఆ నేలకి అది పనికొస్తుందో లేదో పరీక్షించనే లేదనీ, దీనివల్ల 2.8 కోట్ల డాలర్ల దాకా అదనంగా ఖర్చయి ఉంటుందనీ సిగార్ అనే అమెరికా తనిఖీ సంస్థ 2017లో తేల్చింది.

గుర్తింపు పూర్తిగా పనికిమాలిన విషయమని నేను అనడం లేదు. భారత సైన్యం 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో కొత్త డిజిటల్ ప్యాటర్న్ యూనిఫాం చూపించినప్పుడు, నిఫ్ట్ అనే ఫ్యాషన్ విద్యాసంస్థతో కలిసి చేసిన ఆ డిజైన్‌కి మేధోసంపత్తి హక్కులు తీసుకున్నారు, బయట దుకాణాల్లో అమ్మకుండా కట్టడి చేశారు. దీనికి బలమైన కారణం ఉంది. 2016లో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవాళ్లు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. అలాంటి అనుభవం ఉన్న సైన్యం తన బట్ట ఎవరి చేతికి పోతుందో చూసుకోవడం తప్పనిసరి. అయితే ఆ యూనిఫాంలో నాకు నచ్చింది ప్రింటు కంటే మిగతా మార్పులే. పాతదానికన్నా తేలిక, చొక్కా టక్ చేయాల్సిన పనిలేదు కాబట్టి లోపల గాలి ఆడుతుంది, కాటన్ పాలిస్టర్ 70:30 పాళ్లలో ఉండటం వల్ల త్వరగా ఆరుతుంది. ఒక్క సందేహం మాత్రం ఉంది. పాలిస్టర్ కూడా వేడికి కరిగేదే, 30 శాతం అంటే తక్కువేం కాదు. ఉక్కపోత, మంట అనే రెండు ముప్పుల్లో ఉక్కపోతకి ఎక్కువ విలువ ఇచ్చినట్టు కనబడుతోంది. రోజూ ఎదురయ్యేది అదే కాబట్టి ఆ నిర్ణయాన్ని నేను అర్థం చేసుకోగలను, కానీ వాహనాల్లో తిరిగే దళాలకి వేరే బట్ట ఉండాల్సిందే.

నిజానికి బట్ట ఎంపిక అంటేనే ఈ బేరాలు. ఇరాక్‌లో మందుపాతరలు పేలి వాహనాలు తగలబడుతుంటే అమెరికా రేయాన్, అరామిడ్ పోగులు కలిపిన మంట తట్టుకునే బట్టకి వెళ్లింది. అది ప్రాణాలు కాపాడుతుంది, కానీ ఖరీదెక్కువ, నైలాన్ కాటన్ అంత గట్టిగా నిలబడదు, మోకాళ్ల దగ్గరా తొడల మధ్యా తొందరగా చిరిగిపోతుంది. చిత్తడి అడవుల్లో మళ్లీ లెక్క మారిపోతుంది. అక్కడ తడిసిన బట్ట ఆరకపోవడమే పెద్ద శత్రువు, చర్మం పాచిపోయి పుండ్లు పడతాయి. అందుకే అన్నిచోట్లకీ ఒకే బట్ట అనేది కూడా అన్నిచోట్లకీ ఒకే ప్యాటర్న్ అన్నంత తప్పు ఆలోచన.

కుట్టులో కనబడే చిన్న విషయాలు కూడా ఇంతే ముఖ్యం. బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకున్నాక ఛాతీ మీది జేబులు అందవు, అందుకే అవి భుజాల మీదికి వెళ్లాయి. జాకెట్ కింద ఎలాగూ కనబడని భాగానికి మందపాటి బట్ట ఎందుకని, చేతులకి మాత్రమే కామోఫ్లాజ్ ఉంచి నడుం దాకా చెమట పీల్చే పల్చటి బట్టతో కుట్టిన కాంబాట్ షర్ట్ వచ్చింది. ఈ మొత్తం కాలంలో వచ్చిన అతి తెలివైన మార్పు ఇదేనని నా నమ్మకం. వెల్‌క్రో మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. చూడటానికి ఆధునికంగా ఉంది, తీరా మైదానంలో మట్టి పట్టి అతుక్కోవడం మానేసింది, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట తెరిస్తే చర్రుమని చప్పుడు. చివరికి కొన్ని జేబులకి మళ్లీ గుండీలే కుట్టారు.

ఇక రాత్రి సంగతి. పచ్చటి ఆకులు మన కంటికి కనబడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి కాబట్టి నైట్ విజన్‌లో చెట్లు వెలుగ్గా కనిపిస్తాయి. మామూలు రంగులు అద్దిన బట్ట పగలు ఆకుపచ్చగానే ఉన్నా రాత్రి ఆ చెట్ల ముందు నల్లటి మచ్చలా తేలుతుంది, లేదా అక్కర్లేనంత మెరుస్తుంది. సైనిక బట్టకి వేరే రంగులు వాడేది అందుకే. ఆ గుణం సరిగ్గా ఉతకకపోతే పోతుంది. గంజి పెట్టి, గట్టిగా ఇస్త్రీ చేసి, తెల్లదనం పెంచే సబ్బుపొడి వాడితే పరేడ్‌లో మెచ్చుకుంటారేమో గానీ, యుద్ధంలో అది ప్రమాదం. గంజి వద్దు, బ్లీచ్ వద్దు అని అమెరికా ఆర్మీ సూచనల్లో స్పష్టంగానే ఉంటుంది. కాంబాట్ యూనిఫాంకి మడత నలగకూడదని పట్టుబట్టే పై అధికారులు ఎక్కడున్నా, ఈ అలవాటు మానుకోవాలి.

ఉక్రెయిన్ యుద్ధం ఈ చర్చని ఇంకో మెట్టు ముందుకి తీసుకెళ్లింది. రెండు పక్షాలవాళ్లూ పిక్సెల్ డిజైన్లూ మల్టీకామ్ తరహా బట్టలూ కలగలిపి వేసుకోవడంతో ఎవరు ఎవరో తెలియక, చేతులకి రంగు టేపులు చుట్టుకోవాల్సి వచ్చింది. దాక్కోవడానికి బట్టా, సొంతవాళ్లకి కనబడటానికి మెరిసే టేపూ! పైనుంచి చూసే డ్రోన్లకి థర్మల్ కెమెరాలు వచ్చాక ప్రింటు పాత్ర ఇంకా తగ్గింది. ఒంటి వేడిని చూసే కెమెరాకి ఆకుపచ్చా ఇసుక రంగూ ఒకటే. వేడిని ఆపే పొంచోలు, అంటే ఒంటిమీద కప్పుకునే వదులు బట్టలు వస్తున్నాయి, కానీ ఆగిన వేడి ఎక్కడికీ పోదు, లోపలి మనిషికి ఉక్క పెరుగుతుంది, కాసేపటికి బట్ట కూడా వేడెక్కి సందుల్లోంచి బయటపడుతుంది. దీన్ని యూనిఫాంలోనే కుట్టేసి రోజంతా తొడిగించాలనే ఆలోచన నాకు నచ్చదు. విడి సామానుగా ఇవ్వడమే మేలు. కందకంలో కదలకుండా కూర్చున్నప్పుడు కప్పుకుంటారు, బరువు మోస్తూ నడవాల్సి వచ్చినప్పుడు మడిచి సంచిలో పెట్టుకుంటారు.