చెక్క గరిటెకు వంటనూనె కాదు, తేనె మైనం కావాలి

శ్రీకాకుళం బజారులో చెక్క గరిటెలు మళ్లీ బాగా కనిపిస్తున్నాయి. నాన్‌స్టిక్ మూకుడు గీసుకుపోతుందని కొందరు, ప్లాస్టిక్ వద్దని కొందరు కొంటున్నారు. ఆ చర్చ అందరికీ తెలిసిందే. నా బాధ వేరు. కొన్న ఆరు నెలలకే గరిటె కొస తెల్లబడి, పీచు లేచి, పగులిచ్చి చెత్తబుట్టలో పడుతోంది. తప్పు చెక్కది కాదు. మనం దానికి ఏమీ రాయడం లేదు, రాసేవాళ్లేమో రాయకూడని నూనె రాస్తున్నారు.

నేనూ అదే చేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో మా మావయ్య తోటలో కూలిన పనస చెట్టుతో చేయించిన చపాతీ పీట మా ఇంట్లో ఉంది. దానికి రెండేళ్లు వేరుశనగ నూనె పట్టించాను. రెండో వేసవికి పీట ముట్టుకుంటే వేలికి జిగురు, పిండి పెడితే పిండికీ పాత నూనె కంపు. వేరుశనగ, నువ్వుల, పొద్దుతిరుగుడు నూనెలు గాలి తగిలితే నెమ్మదిగా పాడవుతాయి. సీసాలో నూనె పాడైతే పారబోస్తాం, చెక్కలోకి ఇంకినదాన్ని ఎలా తీస్తాం? సాండ్ పేపర్‌తో పైపొర అంతా గీకాల్సి వచ్చింది.

గరిటెకి రాయాల్సిన పూతకి కావలసినవి రెండే. వంద గ్రాముల లిక్విడ్ పారాఫిన్, పాతిక గ్రాముల తేనె మైనం. పారాఫిన్ అంటే మందుల షాపులో మలబద్ధకానికి ఇచ్చేదే, రంగూ వాసనా లేనిది అడగండి. అది పెట్రోలియం నుంచి వస్తుంది కాబట్టి వద్దనుకుంటే కొబ్బరి నూనె వాడండి, అందులో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే కాబట్టి మిగతా నూనెల్లా త్వరగా పాడవదు. పెయింట్ల షాపులో అమ్మే బాయిల్డ్ అవిసె నూనె మాత్రం వంటింట్లోకి రానివ్వకండి, త్వరగా ఆరడానికి అందులో లోహాల మందులు కలుపుతారు.

మైనం సుమారు 63 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే మరిగే నీళ్ల గిన్నెలో చిన్న స్టీలు గిన్నె పెట్టి అందులో కరిగించాలి. అందులో పారాఫిన్ లేదా కొబ్బరి నూనె కలిపి సీసాలో పోస్తే చల్లారాక వెన్నలా గడ్డకడుతుంది. కడిగిన గరిటెను ఒక రోజంతా నీడలో ఆరబెట్టి, పాత పంచె ముక్కతో ఈ వెన్న రుద్ది, రాత్రంతా వదిలేసి పొద్దున తుడిచేయండి. కొసల దగ్గర రెండు సార్లు రుద్దండి, నీళ్లు ఎక్కువగా పీల్చేది అక్కడే. తర్వాత నీటి చుక్క వేసి చూడండి, ముత్యంలా నిలిస్తే సరిపోయింది, ఇంకిపోతే మళ్లీ రాయాలి.

మా అమ్మమ్మ ఇవన్నీ చేసిందా అని అడిగేవాళ్లున్నారు. చేయలేదు, నిజమే. ఆవిడ కవ్వం రోజూ వెన్నలో తిరిగేది, ఆ జిడ్డే దానికి పూత, తోమేది బూడిదతో. ఇప్పుడు మనం లిక్విడ్ సోప్‌తో రోజుకి మూడుసార్లు ఆ జిడ్డంతా కడిగేస్తున్నాం. కడిగేసింది మళ్లీ పెట్టాలి కదా.

పనస చెక్క, మైనం కలవడం మన ప్రాంతానికి కొత్తా? బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేది పనస దుంగతోనే. వీణ మీది 24 మెట్లనూ నిలబెట్టేది బొగ్గుపొడి కలిపిన మైనమే. ఈ జత విలువ విజయనగరం జిల్లాకి ఎప్పుడో తెలుసు.

మరి మైనం ఎక్కడ దొరుకుతుంది? అసలు సంగతి ఇక్కడే ఉంది. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు తేనె తీస్తారు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ తేనె అమ్ముతోంది, మంచిదే. కానీ నేను తిరిగినన్ని చోట్లా తేనె సీసా దొరికింది తప్ప మైనం ముద్ద దొరకలేదు. తేనె పిండాక మిగిలేది అదే, మన కొండల్లోనే పుట్టేది, నేను మాత్రం ఆన్‌లైన్‌లో ఎక్కడి నుంచో తెప్పించుకున్నాను. ఉద్దానం పనసకాయలు లారీలెక్కి ఒడిశా, బెంగాల్ వెళ్తాయి, మన పిల్లలు రైలెక్కి హైదరాబాద్, చెన్నై వెళ్తారు, ఇక్కడ పుట్టింది ఇక్కడే వస్తువుగా మారి నాలుగు రూపాయలు మిగిల్చే దారి మాత్రం మనం వేసుకోం. ఈ చెక్క వెన్నకి ఫ్యాక్టరీ అక్కర్లేదు, రెండు గిన్నెలూ ఒక పొయ్యీ చాలు. సీతంపేటలో ఒక డ్వాక్రా సంఘానికి మైనం, సీసాలు ఇచ్చి, తయారైన వెన్నని గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తేనె పక్కనే పెట్టమనండి. పనస గరిటెలు చేసే వడ్రంగి ఒక్కో గరిటెతో పాటు ఒక చిన్న డబ్బా కూడా ఇవ్వగలిగితే, నేను వచ్చే సంక్రాంతికి బంధువులందరికీ అవే కొంటాను.